ఆఖరి రౌండుకి శేగండి

మా వీధిలో సైకిలు తొక్కడం రాని మగవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకనే కాబోలు, డెబ్బై తొమ్మిదిలో నర్సీపట్నంలో సైకిల్ రేసు పెట్టినప్పుడు నన్ను కమిటీలో వేశారు. తాలూకా ఆఫీసులో గుమాస్తాని కాబట్టి పర్మిషన్లు తెస్తానని వాళ్ల ఆశ. తెచ్చాను. తెచ్చిన మర్నాటి నుంచి నన్ను కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టారు. జెండాల రంగు దగ్గర ప్రెసిడెంటు గారితో వాదించానని ఆయనకి నా మీద గుర్రు. రేసు రోజున ఆయనా, ఆయన బావమరిది జోగులూ బస్టాండు ఎదుట షామియానా కింద కుర్చీల్లో కూర్చుని, "యాజులు గారూ, తమరు కోర్టు వెనక మలుపులో నిలబడాలి" అని నా చేతికి ఒక ఎర్రగుడ్డ ఇచ్చారు. ఆవులూ గేదెలూ అడ్డం వస్తే ఊపాలట.

ఆ మలుపు ఎలాంటిదో చెప్పాలి. మా పక్క పేటల్లో ఎవరు పోయినా శవాన్ని ఆ దారినే తీసుకెళ్తారు. సరిగ్గా ఆ మలుపులో పాడె దింపుతారు. ప్రాణం ఇంకా ఏ మూలో ఉండి పలుకుతుందేమోనని, అయినవాళ్లు చెవి దగ్గర వంగి పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. పలికితే వెనక్కి ఇంటికి తెచ్చుకోవచ్చు. పలక్కపోతే పాడె మళ్లీ లేస్తుంది, ఇక ఆ మనిషి మనవాడు కాడు. ఆడవాళ్లు అక్కడి నుంచే వెనక్కి తిరుగుతారు. దింపుడు కళ్లం ఆశ అని మనం మాటవరసకి అంటూ ఉంటామే, అది ఇదే. నా ఎరికలో అక్కడ పలికినవాడు ఒక్కడూ లేడు. మిగతా రోజుల్లో మాత్రం అది ఒక మామూలు మలుపు. సింగన్న టీ బడ్డీ, రెండు కిళ్లీ కొట్లు, ఒక టైరు పంచర్ల షాపు ఉంటాయి.

రేసంటే ఊరి నుంచి ఊరికి వెళ్లేది కాదు. బస్టాండు దగ్గర బయల్దేరి, బజారు మీదుగా వచ్చి, కోర్టు వెనక తిరిగి, ఆస్పత్రి వీధిలోంచి మళ్లీ బస్టాండుకి చేరాలి. అలా ముప్ఫై రౌండ్లు. వెనకబడి ముందువాళ్ల చేత ఒక రౌండు దాటించుకున్నవాణ్ణి ఈల వేసి దింపేస్తారు. విశాఖపట్నం నుంచీ కలకత్తా నుంచీ పెద్ద కంపెనీల జట్లు వచ్చాయి. ఆ కుర్రాళ్లకి సైకిలు తొక్కడమే ఉద్యోగం. పొద్దున్నే రిజిస్టర్లో సంతకం పెట్టి సైకిలెక్కితే చాలు, ఒకటో తారీఖున జీతం. ఈ సంగతి తెలిశాక మా ఆఫీసులో చాలా రోజులు ఎవరికీ పని చేయబుద్ధి కాలేదు.

మా ఊరి తరఫున ఒక్కడే దిగాడు. పేపర్ రమణబాబు. తెల్లారగట్ల బస్సులో దిగిన పేపరు కట్టలు కేరియర్ మీద కట్టుకుని కృష్ణదేవిపేట దాకా ఇచ్చుకుంటూ పోయేవాడు. ఎదురుగాలి వచ్చినా, ఎత్తు వచ్చినా సీటు మీంచి లేచేవాడు కాడు. తండ్రి మంగరాజు చెరుకుతోటలో పాము కరిచి పోయాక తల్లి రామాయమ్మే పెంచింది. ఆవిడకి వీడొక్కడే కొడుకు.

రేసుకి ముందు రోజు సాయంత్రం తల్లీకొడుకులు మా అరుగు మీదికి వచ్చారు. ఒక జట్టు మేనేజరు రమణబాబుకి మాట ఇచ్చాడు. మొదటి ముగ్గురిలో వస్తే తమ జట్టులోకి తీసుకుంటాడు, కంపెనీలో ఉద్యోగం ఇప్పిస్తాడు. అయితే ముప్ఫై దాటితే రూలు ఒప్పుకోదు. వీడికి వచ్చే నెలకి ముప్ఫై నిండుతాయి.

"రేపు గాని తప్పీసిందంటే ఇంక నాకు జన్మంతా పేపర్లేనండి," అన్నాడు రమణబాబు.

"వాళ్ల సైకిళ్లు చూశావా? చిటికెన వేలితో ఎత్తొచ్చు. నీది కాటా వేస్తే ఇనపకొట్టువాడు కళ్లకద్దుకుంటాడు," అన్నాను.

"సైకిలు తొక్కదు కదండీ, తొక్కీది మనిషి."

రామాయమ్మ నవ్వింది. "ఆడు సిన్నప్పట్నించీ అంతే బాబూ. ఏదైనా పట్టీనాడంటే ఒగ్గడు. ఉజ్జోగం వస్తే నన్ను కూడా పట్నం తీసుకుపోతాడంట. నాను ఇన్నేళ్లొచ్చినా సముద్రం సూడనేదు. సూపిస్తానంతన్నాడు."

నాకు ఆ మనిషంటే ఇష్టం. ఎవరినీ చెయ్యి చాచి ఒకటి అడిగి ఎరగదు. ఆ ఉద్యోగం వాడికి రావాలని ఆ రాత్రి దేవుడికి నేను కూడా ఒక దణ్ణం పెట్టుకున్నాను.

ఇక గంట సంగతి. ఇది నాకు తరవాత తెలిసింది. ముందే తెలిస్తే ఆపి ఉండేవాణ్ణని ఇప్పటికీ ప్రెసిడెంటు గారి ముఖం మీదే అంటాను. రేసు నడపడానికి తెల్లబూట్ల ఆఫీసరు ఒకాయన వచ్చాడు. సగం రేసయ్యాక ఆయనకి గుర్తొచ్చింది, ఆఖరి రౌండు మొదలయ్యేటప్పుడు గంట కొట్టాలని. అది రూలట. ఆ రోజు ఆదివారం. స్కూలు గంట గదిలో ఉంది, గది తాళం హెడ్మాస్టరు గారి దగ్గర ఉంది, ఆయన యలమంచిలిలో ఉన్నాడు. గుడి గంట ఊడదీయడానికి పూజారి ఒప్పుకోలేదు. జోగులు మాత్రం ఉపాయశాలి. అలాంటివాళ్ల వల్లనే పనులు జరుగుతాయి, ఊళ్లు చెడతాయి. వాడు తిన్నగా జంగం మత్స్యలింగం ఇంటికి వెళ్లాడు.

మత్స్యలింగం శవాల ముందు శంఖం ఊదుతూ, శేగండి కొడుతూ నడిచేవాడు. శేగండి అంటే గుండ్రటి కంచుబిళ్ల. కొయ్యసుత్తితో కొడితే ఊరి ఈ చివర నుంచి ఆ చివరకి వినబడుతుంది. అది శవం ముందు తప్ప మరెక్కడా మోగదు. మోగిందంటే మా ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. సైకిలు మీద ఉన్నవాడు దిగి నిలబడతాడు. ఎంతటివాడైనా చెప్పులు విడుస్తాడు. ఆ రోజు మత్స్యలింగం ఎస్. రాయవరం వెళ్లాడు. ఇంట్లో పెళ్లాం సోమలమ్మ ఉంది.

"ఎవులు పోయేరు బాబూ?" అని అడిగింది.

"ఎవులూ పోనేదు. రేసుకి కావాల."

"ఎవులూ పోకండా అది గుమ్మం దాటకూడదు బాబూ. దాటితే ఉత్తినే తిరిగి రాదు."

జోగులు నవ్వేసి, మేకు మీంచి శేగండి తీసి చంకలో పెట్టుకుని వచ్చేశాడు.

నేను నా మలుపులో ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడ్డాను. రేసు మొదలైంది. మొదట్లో అదొక తిరనాళ్లు. గోడల మీద, మిద్దెల మీద, చెట్ల మీద జనం. జట్ల కుర్రాళ్లు గుంపుగా వచ్చి, మలుపులో ఒకేసారి ఎడమకి వంగి, సర్రుమని పోయేవాళ్లు. వాళ్ల బనీన్లు చూసి మా వాళ్లు పచ్చబనీను, నల్లబనీను అని పేర్లు పెట్టేశారు. రమణబాబు ఖాకీ నిక్కరుతో, మడ్‌గార్డులూ కేరియరూ పీకేసిన పాత సైకిలు మీద, అందరికంటే వెనక వచ్చాడు. జట్ల కుర్రాళ్లు వాణ్ణి చూసి నవ్వుకోవడం నాకు కనబడింది. నాకు ఒళ్లు మండింది.

సింగన్న టీ బడ్డీ దగ్గర ఒక ముసలావిడ గొణిగింది. "అన్నీ ఎడంసేతి తిరుగుళ్లేనేటి నాయనా? ఇలగ తిరిగీది కుండ పట్టుకున్నోడు కాదేటి?" అంది. సింగన్న కసిరాడు. నాకూ ఆ మాట నచ్చలేదు. తీరా అన్నాక, ప్రతి రౌండులోనూ వాళ్లు ఎడమకి వంగుతుంటే, చితి చుట్టూ అపసవ్యంగా తిరిగే మనిషే గుర్తొచ్చాడు.

ఎండ తగ్గుతున్న కొద్దీ రేసు మారింది. మొదట ఇద్దరు దిగిపోయారు, తరవాత నలుగురు. ఈల మీద ఈల. కలకత్తా వాళ్లు మా ఎండకి మాడిపోయి నీళ్లు నెత్తిన పోసుకున్నారు. రమణబాబు ఒక్కో రౌండులో ఒక్కొక్కణ్ణి దాటుకుంటూ వచ్చాడు. వాడి ముఖంలో ఏ మార్పూ లేదు. కృష్ణదేవిపేటకి పేపర్లు వేయడానికి పోతున్నట్టే ఉన్నాడు. చివరికి ముందు ముగ్గురే మిగిలారు, పచ్చబనీను, నల్లబనీను, రమణబాబు. మిగతావాళ్లు అర వీధి వెనక ఉన్నారు. మా మలుపు దగ్గర జనం ఇక ఆగలేదు. "రమణా, రమణా" అని ఒకటే కేకలు. పెద్దమనిషిని, నేను కూడా ఎర్రగుడ్డ గాల్లోకి విసిరాను.

మూడో స్థానం చాలు వాడికి. అది వాడి చేతిలోకి వచ్చేసింది. కాని ఆ రౌండులో వాడు మలుపు దగ్గర ఆ ఇద్దర్నీ కూడా దాటి ముందుకి పోయాడు. ఆఖరి రౌండు మొదలయ్యేసరికి ముందు వాడే ఉంటాడని నాకు అర్థమైంది. బస్టాండు గీత దగ్గర కూర్చున్న రామాయమ్మ ముఖం ఎలా వెలుగుతుందో ఊహించుకుంటున్నాను.

అప్పుడు శేగండి మోగింది.

ఠాఁయ్ మని ఒక్క దెబ్బ. కాసేపు ఆగి మరొకటి. శవం ముందు ఎలా కొడతారో అలాగే కొట్టాడు జోగులు. వాడికి వేరేగా కొట్టడం తెలియదు. ఎవరికి మాత్రం తెలుసు?

కేకలు ఆగిపోయాయి. ఎవరో నోరు నొక్కినట్టు ఊరంతా ఒక్కసారి ఆగింది. నా కాళ్లు నాకు చెప్పకుండానే చెప్పులు విడిచాయి. మిద్దెల మీంచి ఆడవాళ్లు పిల్లల్ని లాక్కుని లోపలికి పోయారు. సింగన్న స్టవ్వు గాలి తీసేశాడు. కిళ్లీ కొట్టువాడు సగం తలుపు దించాడు. పంచర్ల షాపు ముందు సైకిలెక్కబోతున్న మనిషి దిగి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. చప్పుడు వచ్చింది బస్టాండు గీత దగ్గర నుంచి, ఇది రేసు గంటేనని అందరికీ అర్థమైంది. పక్కవాడితో ఆ మాట అన్నవాడు లేడు. గోడల వెంబడి అందరూ వెనక్కి జరిగి, రోడ్డు వైపు చేతులు జోడించి నిలబడ్డారు. జోడించిన తరవాత చూసుకుంటే నా చేతులు కూడా జోడించే ఉన్నాయి.

శేగండి వెనక వచ్చేది ఎవరో వాడికే ఆ దణ్ణం. శేగండి వెనక మొదట వస్తున్నది రమణబాబు.

అంతలో కోర్టు పక్క సందులోంచి రామాయమ్మ వచ్చింది. గీత దగ్గర నుంచి అడ్డదారిన, చెప్పుల్లేకుండా, జుట్టు ఊడిపోయి వచ్చింది. తన కొడుకు శేగండి కిందుగా అందరికంటే ముందు దాటిపోవడం ఆవిడ కళ్లారా చూసింది. రొప్పుతూ వచ్చి మలుపు మధ్యలో, పాడె దింపే చోట నిలబడింది. నేను చెయ్యి పట్టుకుని పక్కకి లాగబోయాను.

"ఒగ్గీ బాబూ. ఇక్కడే కదా పిలిసీది. పలుకుతాడు. నా బిడ్డ నా పిలుపుకి పలక్కుండా ఎప్పుడూ ఉండనేదు," అంది.

పిచ్చిదానా, అది రేసు గంట అని చెప్పాలి. చదువుకున్నవాణ్ణి, చెప్పవలసినవాణ్ణి. కాని జనం అంతా చేతులు జోడించి నిలబడ్డ ఆ వీధిలో నాకే ఆ మాట అబద్ధంలా వినబడింది.

బజారు వైపు నుంచి ముగ్గురూ వచ్చారు. గొలుసుల చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. వెనకాల ఇద్దరూ అటూ ఇటూ చూస్తున్నారు. ఇంతసేపూ గోల పెట్టిన ఊరు ఉన్నట్టుండి తలుపులు ఎందుకు వేసుకుందో వాళ్లకి అర్థం కాలేదు. నల్లబనీను కుర్రాడి ముఖంలో భయం స్పష్టంగా కనబడింది. రమణబాబు ఎటూ చూడటం లేదు. ఈ మట్టిలో పుట్టినవాడు, వాడికి ఆ చప్పుడు తెలియకపోవడం ఏమిటి? తెలుసు. దవడలు బిగించి, పళ్లు కరుచుకుని, తల వంచుకుని తొక్కుతున్నాడు.

"రమణా," అని పిలిచింది తల్లి.

వాడు ఆవిడని తగలకుండా సైకిలు వంచాడు. ఒక్క క్షణం ఇద్దరి ముఖాలూ మూరెడు దూరంలో ఉన్నాయి.

"రమణా."

వాడి కళ్లు ఆవిడ వైపు తిరిగాయి. పెదాలు విడలేదు. ఎడమకి వంగి ఆస్పత్రి వీధిలోకి పోయాడు. వెనక పచ్చబనీను, నల్లబనీను కూడా పోయారు.

మూడోసారి ఆవిడ అరవలేదు. చెవిలో చెప్పినట్టు మెల్లిగా, "నాయనా, రమణా," అంది. వీధి ఖాళీగా ఉంది. ఆవిడ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నది. తరవాత కిందకి వంగి, చిటికెడు మట్టి తీసి చక్రాల జాడ మీద వేసింది. నా వంక గానీ, వాడు పోయిన వీధి వంక గానీ చూడకుండా ఇంటి దారి పట్టింది. ఆ మలుపు నుంచి తిరిగి వెళ్లే ఆడవాళ్లు వెనక్కి చూడరు.

రమణబాబు నెగ్గాడు. నేను షామియానా దగ్గరకి వెళ్లేసరికి కప్పు వాడి చేతిలో ఉంది. చప్పట్లు కొట్టింది తెల్లబూట్ల ఆఫీసరూ, జట్ల వాళ్లూ మాత్రమే. మేనేజరు వాడి భుజం తట్టి, "మంగళవారం వచ్చి చేరిపో," అన్నాడు. మా ఊరివాళ్లు దూరంగా నిలబడ్డారు. ఒక్కడూ దగ్గరకి వచ్చి వాణ్ణి ఎత్తుకోలేదు. ప్రెసిడెంటు గారు దండ వేయడానికి వచ్చి, దండ చేతిలో పట్టుకుని ఆలోచించి, టేబిలు మీద పెట్టేసి పోయారు. శేగండి కుర్చీ కింద పడి ఉంది.

"మాయమ్మేదండీ?" అని అడిగాడు రమణబాబు నన్ను.

"ఇంటికి వెళ్లింది. నువ్వు పలికి ఉంటే బాగుండేదిరా."

"విన్నానండి. మూడుసార్లూ విన్నాను. నోరు తెరిస్తే ఊపిరి తెగిపోద్దండి. ఊపిరి తెగితే ఆళ్లిద్దరూ కాదు, ఎనకాలున్నోళ్లందరూ దాటీసీవోరు. గీత దాటేక పలుకుదామనుకున్నాను." కాస్త ఆగి, "ఒక్క నిమిషమే కదండీ," అన్నాడు. మూడో పిలుపు పక్కనున్న నాకే లీలగా వినబడింది, వీధి తిరిగిపోయిన వాడికి ఎలా వినబడిందో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇద్దరం ఇంటికి నడిచాం. దారిలో ఎదురైనవాళ్లు నన్ను పలకరించారు. వాడి చేతిలో కప్పు ఎండకి తళతళలాడుతోంది, దాని వంక కూడా ఎవరూ చూడలేదు. ఒకరిద్దరు నా భుజం మీద చెయ్యి వేసి జాలిగా తల ఊపారు. నాకు చిరాకు పుట్టుకొచ్చింది. ఈ ఊరికి బుద్ధి లేదని, రేపు అందరూ సిగ్గుపడతారని వాడికి చెబుతూనే ఉన్నాను.

ఇంటి ముందు పేడనీళ్లు చల్లి ఉన్నాయి. పొయ్యి ఆర్పేశారు. పక్కింటి సీతాలూ, మరో ఇద్దరు ఆడవాళ్లూ గోడకి ఆనుకుని కూర్చున్నారు. రామాయమ్మ కట్టుకున్న చీరతోనే తలమీద నీళ్లు పోసుకుంది, జుట్టు కారుతోంది. దక్షిణం గోడ వారగా నేల మీద మూకుట్లో దీపం పెట్టి, దాని ముందు రమణబాబు ఉతికిన చొక్కా మడత పెట్టి ఉంచింది. నేను లోపలికి వెళ్లాను. రమణబాబు కప్పు పట్టుకుని గుమ్మం బయట ఆగాడు.

"కూకోండి బాబూ," అంది నాతో. గొంతు మామూలుగానే ఉంది. "పొద్దున సద్దన్నం తినీసి ఎల్లేడు. ఉల్లిపాయ ఉందేటమ్మా అనడిగేడు. నేదన్నాను. ఉట్టిలో ఉంది, నాకే గుర్తు నేదు."

"అమ్మా," అన్నాడు రమణబాబు.

"మూడుసార్లు పిలిసేను బాబూ. మీరూ ఉన్నారు కదా. పలకనేదు."

"అమ్మా, నానే. వొచ్చీసేను. ఇదిగో, కప్పు సూడు. ఉజ్జోగం ఇచ్చీసేరు. అప్పుడు పిలిసేవు కదా, ఇప్పుడు పలుకుతన్నాను. ఆఁ అమ్మా. ఆఁ. ఆఁ." మూడుసార్లూ లెక్క ప్రకారం పలికాడు.

సీతాలు కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఏమిటిది రామాయమ్మా? ఎదురుగా నిలబడి ఏడుస్తున్నాడు. ఒక్కసారి అటు చూడు," అన్నాను.

ఆవిడ చూసింది. ఆ చూపు వాడి ముఖం మీద ఆగలేదు. వాడి లోంచి పోయినట్టు వీధి అవతలి గోడ దాకా పోయి, అక్కడ ఏమీ లేదని తిరిగి వచ్చింది. అందులో కోపం లేదు, పంతం లేదు. పంతమైతే బతిమాలి ఒప్పించి ఉండేవాణ్ణి. లేచి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడిన నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి జరిపింది.

"సందేళ సావింటి గుమ్మంలో నిలబడి ఏదో పిలుస్తాది బాబూ. ఆడి గొంతులాగే ఉంటాది. మీరు సదువుకున్నోరు, మీకు తెల్దు. పలక్కూడదు," అని తలుపు దగ్గరగా వేసి గడియ పెట్టింది.

బయట నుంచి రమణబాబు తలుపు మీద అరచెయ్యి ఆనించిన చప్పుడు వినబడింది. తల్లిని పిలవడం మానేశాడు. "యాజులు గారండీ," అన్నాడు. "మీరైనా పలకండి."

గదిలో ఆడవాళ్లందరూ నా ముఖం వైపే చూస్తున్నారు. నేను పలకలేదు.